గుమ్మం బయట ఓటు

రోజూ పొద్దున బట్టలు కుట్టే షాపుకి బయల్దేరే ముందు, అందరూ కుట్టు వదిన అని పిలిచే ఆమె తన భర్త ఎడమ కాలికి నూనె పట్టించేది. ఎడమ చేతికి మాత్రం ఆయనే కుడి చేత్తో రుద్దుకునేవాడు. "సగం నీ డ్యూటీ, సగం నా డ్యూటీ" అనేవాడు. నూనె సీసా మూత బిగించి, ఆయన్ని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లు, మందులు, రేడియో చేతికందేలా పెట్టి, లోపల్నుంచి గడియ తిప్పితే తెరుచుకునే తలుపుకి తాళం వేసి, తాళంచెవి సంచిలో వేసుకుని ఆమె నాలుగంతస్తులూ దిగేది. రోడ్డు మీదికి వచ్చి తలెత్తి చూస్తే కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి, ఒక్కసారి ఊగి, లోపలికి పోయేది. అదే ఆ ఇంటి 'రైట్ రైట్'.

జీవితమంతా బస్సు నడిపిన మనిషి. కిటికీలోంచి చూస్తే బస్సు స్టాపు కనిపిస్తుంది. సాయంత్రం ఆమె రాగానే ఆ రోజు ఏ డ్రైవరు బ్రేకు ఎలా కొట్టాడో, ఎవడు స్టాపు దాటించి ఆపాడో అన్నీ వినిపించేవాడు. "క్లచ్చు మీంచి కాలు తియ్యడే వాడు! ఆ బండి నాదైతే దింపేసేవాణ్ణి" అనేవాడు. తన కాలు చెప్పిన మాట వినదు కాబట్టి ఊళ్లో డ్రైవర్లందరి కాళ్ల మీదా ఆయనకి కోపంగా ఉండేది.

పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో ఉండి తిరిగొచ్చిన రోజు ఇరుగుపొరుగు నలుగురు కలిసి ప్లాస్టిక్ కుర్చీలో ఆయన్ని పైకి మోశారు. మూడో అంతస్తు మలుపులో ఒకరి చెయ్యి జారి కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. పడలేదు. కానీ ఆ ఒక్క క్షణం ఆయన మెట్ల సందులోంచి నేల దాకా చూశాడు. ఆ తర్వాత ఎవరు దించుతామన్నా ఒప్పుకోలేదు. "నేను పార్సిల్ కాదు" అని నవ్వేవాడు. ఆ నవ్వు వెనక ఏముందో వదినకి తెలుసు. కుర్చీ ఒరిగిన రోజు రాత్రి నిద్రలో ఆయన కుడి చెయ్యి మంచం పట్టెని ఎంత గట్టిగా పట్టుకుందో ఆమె చూసింది.

వారానికోసారి మెట్లెక్కి వచ్చి కసరత్తు చేయించే అమ్మాయి ప్రతిసారీ ఒకటే మాట చెప్పేది. "ఆంటీ, ఇంట్లో కూర్చోబెట్టి చేయిస్తే ఇంతే. వీధి చివర మా సెంటర్లో పట్టుకుని నడిచే కమ్మీలున్నాయి. రోజూ తీసుకురాగలిగితే కాలు తిరిగొస్తుంది. ఆలస్యం చేసిన కొద్దీ మొండికేస్తుంది. ఆ తర్వాత నేనొచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే." వదిన తల ఊపేది. నాలుగంతస్తుల మెట్లు ఆ తల ఊపులో బరువుగా ఉండేవి.

ఆ భవనం ఒక హౌసింగ్ సొసైటీది. అంతస్తుకి నాలుగిళ్లు. ఎవరి ఇల్లు వాళ్లదే అయినా మెట్లు, గోడలు, పైపులు అందరివీ. నెలనెలా అందరూ రిపేరు నిధికి కొంత వేస్తారు. ఆ నిధితో బల్బులు మారుతాయి, మోటారు బాగవుతుంది, అంతకు మించి ఏదీ కాదు. భవనానికి వయసు మీద పడింది. సొసైటీ ఒక ఇంజనీరుని పిలిపిస్తే ఆయన గోడలు తట్టి, పైపులు గీకి, రెండు పనులు చెప్పాడు. ఒకటి, నీళ్లూ మురుగూ మోసే పాత ఇనుప పైపులన్నీ తీసి కొత్తవి వెయ్యాలి. రెండు, మెట్ల పక్కనున్న ఖాళీలో బయటి గోడకి ఆనించి లిఫ్టు కట్టాలి. రెండూ అవసరమే. కానీ సొసైటీలకి అప్పిచ్చే బ్యాంకు ఒకసారి ఒక పనికే ఇస్తానంది. ఆ అప్పు చాలా వరకు తీరాకే రెండోది. అంటే ఏది ముందు అన్నది ఇప్పుడు తేల్చుకుంటే, రెండోదానికి కొన్నేళ్లు ఆగాలి.

పైపులు పాడైన సంగతి కింది ఇళ్లకి బాగా తెలుసు. లోపల ఎక్కడో కారి, గోడలు నడుము ఎత్తు దాకా చెమ్మగిల్లి, సున్నం పొక్కులు పొక్కులుగా రాలేది. కింద మూల ఇంట్లో ఒక చిన్న పాప ఉంది. ఆ చెమ్మకి పాపకి ఉబ్బసం పట్టుకుంది. ఆ ఇంటి ముందు నుంచి నడిచే ప్రతిసారీ వదినకి పిల్లి కూతలాంటి ఆ ఊపిరి వినిపించేది. పాపకి గౌన్లు కుట్టేది తనే. మెడ దగ్గర బిగుతు లేకుండా, కావాలని ఒక వేలు వదులు పెట్టి కుట్టేది.

సొసైటీలో ఒక రూలుంది. రాసిన రూలు కాదు, నడిచిన రూలు. భవనం కట్టిన కొత్తలో ఒక సభ్యుడు తన బావమరిదికే రంగుల కాంట్రాక్టు ఇప్పించుకుని, తనే ఓటు వేసుకున్నాడు. మొదటి వానకే రంగు పెచ్చులుగా ఊడింది. అప్పుడు సెక్రటరీగా ఉన్నది వదిన భర్తే. మీటింగులో లేచి, "ఇకనుంచి ఎవరి పని చర్చకొస్తే వాళ్లు గుమ్మం బయట నిలబడాలి. తలుపేసి మిగతావాళ్లు చేతులెత్తుతారు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆనాటి నుంచి అది ఆ భవనానికి పరువు. మేనల్లుడి చేత మోటారు రిపేరు చేయించినాయనా బయట నిలబడ్డాడు, చెల్లెలి మొగుడి ఇసుక తెప్పించినాయనా బయట నిలబడ్డాడు. బయట నిలబడ్డవాణ్ణి చూసి లోపలివాళ్లు నవ్వుకునేవాళ్లు, కానీ ఆ నవ్వులో మర్యాద ఉండేది.

ఆదివారం సాయంత్రం మీటింగు. పొద్దుటి నుంచి ఆయనకి కాలు నిలవలేదు, అదే, నిలిచే కాలు నిలవలేదు.

"గడ్డం గీస్తావా?" అన్నాడు.

"మీటింగు మీకా నాకా?"

"ఓటు నాదైతే గడ్డం కూడా నాదే." నురగ పూసిన మొహంతో అద్దంలోంచి ఆమెని చూశాడు. "ఎన్ని వస్తాయంటావ్?"

"ఏమోనండీ."

"పై రెండు అంతస్తులూ మనవే. మధ్యలో టీచరమ్మ మనదే, ఆమెకి మోకాళ్ల నొప్పులు. గొణుగుడు బాబాయి?"

"బాబాయి దేనికీ చెయ్యెత్తడు. ఎత్తితే చంక నొప్పంటాడు."

ఆయన నవ్వబోయాడు. "కదలకండి, తెగుతుంది" అందామె. గోడ మీద కుర్చీ పక్కన నూనె మరకలు రెండు కొత్తగా కనిపించాయి. "ఆ గోడకి చెయ్యి ఆనించకండి, రంగంతా జిడ్డు."

"మరెక్కడ ఆనించను? గాల్లోనా?"

ఆమె గడ్డం గీయడం పూర్తిచేసి బ్లేడు కడిగింది. చీకటితో లేచి, దీపాలు పెట్టేవేళకి ఇంటికి చేరే మనిషికి గోడలు చూసే తీరిక ఉండదు. ఉండి ఉంటే ఆ మరకలు కుర్చీ దగ్గర ఆగలేదని ఆమెకి తెలిసేది.

మీటింగు కింద సైకిళ్లు పెట్టే గదిలో. సైకిళ్లు ఒక పక్కకి జరిపి, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ప్రెసిడెంటు మందుల షాపాయన. సెక్రటరీ రెండో అంతస్తు టీచరమ్మ. ఇంటికి ఒక ఓటు. రెండు వైపులా సమానమైతేనే ప్రెసిడెంటు చెయ్యెత్తాలి, లేకపోతే ఊరికే కూర్చోవాలి. అదీ పాత పద్ధతే.

టీచరమ్మ ఇంజనీరు చెప్పింది చదివి, బ్యాంకు సంగతి చెప్పింది. ఇంటికి నెలకి ఎంత పెరుగుతుందో చెప్పగానే గదిలో ఈగల గుంపు లేచినట్టు మాటలు లేచాయి.

"లిఫ్టు ఎక్కని వాళ్లం మేమెందుకు కట్టాలండీ?" అన్నాడు కింది ఇంటాయన.

"మీ గోడలు తడిస్తే మేం కట్టట్లేదా?" అని పైనుంచి ఒకావిడ.

"మీ స్నానం నీళ్లేగా తల్లీ మా గోడలు తడిపేది!"

"అయితే స్నానాలు మానెయ్యమంటారా?"

"మానేస్తే పైపులూ అక్కర్లేదు, లిఫ్టులో ఎవరూ ఎక్కరూ" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. కింద మూల ఇంటి పాప తల్లి మాత్రం నవ్వలేదు. పాప ఆమె ఒళ్లో, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఊపిరి తీసినప్పుడల్లా మెడ దగ్గర చిన్న గుంట పడుతోంది.

మాటలు అయ్యాయి. "సరే, చేతులెత్తుదాం" అన్నాడు ప్రెసిడెంటు.

వదిన లేచి నిలబడింది.

"ఏంటి వదినా, ఏమన్నా చెప్పాలా?"

"ఏం లేదన్నా. మా పని కదా. బయటుంటాను."

టీచరమ్మ కళ్లద్దాలు తీసింది. "అయ్యో, కూర్చోండి వదినా. లిఫ్టు అందరిదీ. మీ ఒక్కరిదీ అని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. అందరూ మమ్మల్ని తలుచుకునే మాట్లాడారు కదా. రూలు పెట్టింది ఆయన. ఆయన ఇంటి ఓటుతోనే ఆ రూలు పోతే రేపు ఆయన మొహం ఎలా చూడను?"

"వదినా..." అన్నాడు ప్రెసిడెంటు, కుర్చీలోంచి సగం లేచి. గొణుగుడు బాబాయి మొదటిసారి అందరికీ వినపడేలా అన్నాడు: "మహాతల్లి. నడవనీండి."

ఆమె గుమ్మం దాటి, తలుపు తనే దగ్గరికి వేసింది. దాటేముందు పాప తల్లి వైపు ఒక్క చూపు చూసింది. ఆ రూలు ప్రకారం ఆమె కూడా లేవాలి. ఆ అమ్మాయి ఆ ఇంటికి కోడలుగా వచ్చి నాలుగేళ్లే, పాత సంగతులేవీ తెలియవు. పాప తల సర్దుకుంటూ కూర్చునే ఉంది.

బయట కరెంటు మీటర్లు వరసగా ఉన్నాయి. వాటిలో తమ ఇంటిది వెతికింది. చక్రం మెల్లగా తిరుగుతోంది. రేడియో అయి ఉంటుంది. లోపల టీచరమ్మ గొంతు వినిపించింది, కుర్చీలు కదిలాయి, ఎవరో దగ్గారు. చేతులు ఎత్తితే చప్పుడు కాదు. ఆ చప్పుడు కాని దానికోసమే ఆమె ఊపిరి బిగబట్టి విన్నది.

తలుపు తెరిచింది టీచరమ్మే. మొహం చూడగానే తెలిసిపోయింది.

"పైపులకి ఏడు. లిఫ్టుకి ఆరు. బాబాయి ఎప్పట్లాగే ఎత్తలేదు."

"సరే అమ్మా."

వెనకే ప్రెసిడెంటు వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. "సమానమై ఉంటే... నేను లిఫ్టుకే ఎత్తేవాణ్ణి వదినా. ప్రమాణం చేసి చెబుతున్నాను."

ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండేదని ఆయనకీ చెప్పాకే అర్థమైనట్టుంది. వదిన "పైపులు మంచి పనే అన్నా" అని మెట్లెక్కడం మొదలుపెట్టింది.

రోజూ ఎక్కే మెట్లే. ఎక్కుతూ చెప్పాల్సిన మాటలు పేర్చుకుంది. రెండో అంతస్తులో ఒకలా పేర్చింది, మూడో అంతస్తులో విప్పి మళ్లీ పేర్చింది. కుర్చీ ఒరిగిన మలుపు దగ్గర కాసేపు నిలబడింది. పైకి చేరి తాళం తీసి తలుపు నెట్టింది. తలుపు సగం తెరుచుకుని ఆగిపోయింది.

"మెల్లగా, మెల్లగా! ముందు మనిషి ఉన్నాడు!"

సందులోంచి చూసింది. ఆయన నిలబడి ఉన్నాడు. కుర్చీలో కాదు, కిటికీ దగ్గర కాదు, తలుపు దగ్గర. కుడి అరచెయ్యి గోడకి ఆనించి, ఎడమ కాలు వెనక ఈడ్చుకుని, పొద్దున గీసిన గడ్డం మీద చెమటలు కారుతూ, చిన్నపిల్లాడిలా నవ్వుతూ.

"నేనే తీద్దామనుకున్నా. జానెడు మిగిలింది. ఇంకో నిమిషం ఆగొచ్చుగా!"

ఆమె లోపలికి దూరి ఆయన నడుం పట్టుకుంది. ఆయన భుజం మీంచి గోడ కనిపించింది. కుర్చీ దగ్గర మొదలై, గది పొడుగునా, ఆయన భుజం ఎత్తులో, ఒకదాని పక్కన ఒకటి నూనె చేతులు. కొన్ని పాతవి, దుమ్ము పట్టి నల్లబడ్డాయి. కొన్ని ఇంకా మెరుస్తున్నాయి.

"ఎప్పట్నుంచి?"

"లిఫ్టు మాట మొదలైనప్పట్నుంచి. నువ్వటు వెళ్లగానే నేనిటు బయల్దేరేవాణ్ణి. వచ్చేటప్పుడు గోడకి వీపు ఆనించి వెనక్కి జరిగేవాణ్ణి, రివర్సు గేరు." రొప్పుతూనే మాట్లాడుతున్నాడు. "కుర్చీలో కూర్చుని లిఫ్టెక్కితే సామాను ఎక్కించినట్టుంటుందే. గేటు దగ్గర నిలబడాలి కదా మనిషన్నాక. చెప్పు. ఎన్నొచ్చాయి?"

మూడంతస్తుల్లో పేర్చుకున్న మాటలు ఒక్కటీ లేవు. "ముందు కూర్చోండి."

అంతే. ఆయనకి తెలిసింది. నవ్వు ఒకేసారి పోలేదు, బస్సు ఆగేటప్పుడు కాస్త ముందుకి పోయి ఆగినట్టు ఆగింది. కుర్చీ దాకా ఆయన బరువంతా ఆమె మీదే వచ్చింది.

"ఎంతలో పోయింది?"

"ఒకటి."

"ఎవరు రాలేదు మనవాళ్లలో?"

"అందరూ వచ్చారు." నేల చూస్తూ అంది. "నేనే బయట నిలబడ్డాను."

"ఎవరైనా లెమ్మన్నారా?"

"లేదు. కూర్చోమనే అన్నారు."

"మరి?"

"మీ రూలే కదండీ."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. కింద స్టాపులో బస్సు ఒకటి ఆగి, కదిలి వెళ్లింది. దాని గురించి ఏమీ అనలేదు.

"ఆ రూలు కాంట్రాక్టర్ల కోసం పెట్టాను" అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆమెకి పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. "నా కాలు కాంట్రాక్టరు కాదే."

ఆమె ఆయన పాదాల దగ్గర కూర్చుండిపోయింది. కాసేపటికి ఆయన కుడి చెయ్యి వచ్చి ఆమె తల మీద నిలిచింది. నూనె వాసన. "పోనీలే. నువ్వు లేవకపోతే నేనే ఏదో అనేవాణ్ణేమో. నాకు తెలీదా నా సంగతి." ఆ మాట ఆమె కోసం అన్నాడని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు పొద్దున ఆమె నూనె పట్టించింది. ఆయన ఎడమ చెయ్యి రుద్దుకున్నాడు, నెమ్మదిగా, సగంలో ఆపేశాడు. రోడ్డు మీంచి చూస్తే కిటికీలో చెయ్యి ఊగింది. సాయంత్రం వచ్చి ముందు గోడ చూసింది. కొత్త మరక లేదు. ఆ తర్వాతి రోజూ లేదు. "లేచారా ఇవాళ?" అంటే "లేస్తాలే, తొందరేముంది, బండి రావడానికి ఏళ్లుందిగా" అనేవాడు. కొన్నాళ్లకి ఆమె అడగడం మానేసింది. కసరత్తు చేయించే అమ్మాయి కాలు ఎత్తి, వంచి, చాపి, ఒకరోజు సంచి సర్దుకుంది. ఎప్పుడూ చెప్పే మాట ఆ రోజు చెప్పలేదు. వదిన మెట్ల దాకా వెంట వెళ్లి కూడా అడగలేకపోయింది.

పైపుల పని మొదలైంది. భవనమంతా సమ్మెట దెబ్బలు, దుమ్ము. తుప్పుపట్టిన పాత పైపుల్ని ముక్కలుగా కోసి కింద కుప్ప పోశారు. పని సగంలో ఉండగా ఒక సాయంత్రం పాప తల్లి షాపుకి వచ్చింది. కుట్టడానికి గుడ్డ తెచ్చింది కానీ సంచిలోంచి తియ్యలేదు.

"వదినా, ఆ రూలు సంగతి నాకు మొన్న బాబాయి చెప్పాడు. నేను కూడా లేవాల్సిందా ఆ రోజు?"

వదిన మిషను తొక్కడం ఆపలేదు. ఆపితే చేతులు ఏం చేస్తాయో నమ్మకం లేదు. "లేవక్కర్లేదమ్మా."

"నేను లేచుంటే..."

"లేచుంటే పాప ఒళ్లోంచి లేచేది. నిద్ర చెడేది." దారం తెంపింది. "పిల్ల ఎలా ఉంది?"

"రాత్రిళ్లు పడుకుంటోంది. గోడ ఆరుతోంది." చెబుతూనే ఆ అమ్మాయి ఏడ్చేసింది. సంతోషం చెప్పుకోడానికి కూడా క్షమాపణ అడగాల్సొచ్చినట్టు ఏడ్చింది. వదిన లేచి వెళ్లి గుడ్డ తనే తీసుకుంది. చిన్న పువ్వుల గుడ్డ. కొలతలు అడగలేదు. మెడ దగ్గర ఈసారి ఆ ఒక వేలు వదులు అక్కర్లేదేమో అనుకుంది. కత్తిరించేటప్పుడు మాత్రం అలవాటుగా వదిలింది.

పైపులు నాలుగో అంతస్తు దాకా వచ్చాయి. పగలగొట్టిన చోటల్లా పూడ్చి, రంగు వెయ్యడం సొసైటీ ఖర్చే. ఆఖరి ఇల్లు కుట్టు వదినది. పెయింటరు బాత్రూము గోడ పూర్తిచేసి, బ్రష్షు పట్టుకుని ముందు గదిలోకొచ్చాడు. గోడ పొడుగునా చూసి తల పంకించాడు.

"ఇవేంటమ్మా, వరసగా జిడ్డు మరకలు? బకెట్లో రంగు మిగిలింది. ఒక కోటింగు లాగేస్తాను. పైసా ఇవ్వక్కర్లేదు."

ఆమె నోరు తెరిచేలోపే కిటికీ దగ్గర్నుంచి "వేసెయ్" అన్నాడు ఆయన, తల తిప్పకుండా. "నావే అవి. వాటితో నాకు పనేం లేదు."

మళ్లీ తమ ఇంటి పనే, ఆయన రూలే. వదిన కాళ్లు వాటంతట అవే గుమ్మం వైపు ఒక అడుగు వేశాయి. పెయింటరు బ్రష్షు రంగులో ముంచాడు. ఆమె గుమ్మం దగ్గర ఆగింది. వెనక్కి తిరిగింది. సైకిళ్ల గదిలో అందరూ ఎత్తినట్టే చెయ్యి పైకెత్తింది.

"వద్దు."

పెయింటరు ఆమెనీ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. బ్రష్షు చివర్నుంచి రంగు చుక్కలుగా నేల మీద పడుతోంది. కిటికీ దగ్గర తల మెల్లగా తిరిగింది. ఎత్తిన ఆమె చేతిని ఆయన చాలాసేపు చూశాడు.

"ఒకటికి ఒకటి" అన్నాడు. "ప్రెసిడెంటుని పిలవాలి."

"ఎవర్నీ పిలవక్కర్లేదు. నేను బయటికి వెళ్లట్లేదు."

ఇలాంటి మాటకి ఆయన నవ్వేవాడు ఇదివరకు. ఇప్పుడు కళ్లు మూసుకుని, "సరే" అన్నాడు.

పెయింటరు బకెట్టు తీసుకుని వెళ్లిపోయాడు. ఆమె తడిగుడ్డ తెచ్చి నేల మీది రంగు చుక్కలు తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ తలుపు దాకా వచ్చింది. అక్కడ మోకాళ్ల మీద కూర్చుని తలెత్తి చూసింది. ఆఖరి చేతి గుర్తు ఐదు వేళ్లూ విడివిడిగా, మిగతావాటికంటే గట్టిగా పడింది. అక్కణ్ణుంచి తలుపు గడియ దాకా జానెడు గోడ, ఏ మరకా లేకుండా, శుభ్రంగా ఉంది.